వారానికి 3 పరుగులు, 16 నెలలు: మళ్లీ వేగం అందుకున్న తీరు

చదువుకునే రోజుల్లో 5 కిలోమీటర్లు 22 నిమిషాల్లో పరిగెత్తేదాన్ని. తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు. 13 ఏళ్ల పాటు పరుగు అటకెక్కింది. 39వ ఏట మళ్లీ మొదలుపెట్టినప్పుడు మనసులో ఉన్నది ఒక్కటే: పాత వేగం కావాలి. ఆ ఏడాదంతా చేసిన తప్పు కూడా అదే. బయటికి వెళ్లిన ప్రతిసారీ స్టాప్‌వాచ్ నొక్కి, కిందటిసారి కన్నా 5 సెకన్లయినా తగ్గించాలని చూసేదాన్ని. ఐదో వారంలో ఎడమ పిక్క పట్టేసింది. మూడు వారాలు ఆపి మళ్లీ మొదలెట్టాను, మళ్లీ పట్టేసింది. ఏడాదిలో మూడుసార్లు ఇదే వరస. ఏడాది చివర నా టైం 34 నిమిషాల 40 సెకన్లు, అంటే మొదటి నెలలో ఎక్కడున్నానో దాదాపు అక్కడే.

40 నిండిన నెలలో పద్ధతి మార్చాను. 16 నెలలుగా అదే పాటిస్తున్నాను కాబట్టి ఇప్పుడు దాని గురించి నమ్మకంగా రాయగలను. వారానికి మూడు పరుగులు. మంగళవారం 40 నిమిషాల ఈజీ రన్, చివర్లో కొన్ని స్ట్రైడ్స్, అంటే 20 సెకన్ల చిన్న వేగపు పరుగులు. గురువారం వార్మప్‌తో కలిపి 45 నిమిషాల హార్డ్ సెషన్. ఆదివారం 75 నిమిషాలు, తేలికగా. మొత్తం 2 గంటల 40 నిమిషాలు. కిందటి నెల నా 5 కిలోమీటర్ల టైం 27 నిమిషాల 5 సెకన్లు.

ఇందులో నాకు అన్నిటికన్నా కష్టమైంది ఈజీ రన్. కాళ్లు వేగంగా వెళ్లగలవని తెలిసి కూడా పట్టి ఉంచాలి. ఎంత నెమ్మది అంటే, మొదటి నెలల్లో కిలోమీటరుకు 8 నిమిషాలు దాటేది, ఎత్తు వస్తే నడిచేదాన్ని. ఊపిరి ఆగకుండా మాట్లాడగలిగితే సరైన వేగంలో ఉన్నట్టే అంటారు. ఒక్కదాన్నే పరిగెత్తే నాకు మాట్లాడటానికి ఎవరూ లేరు. అందుకని పదిహేడో ఎక్కం పైకి చెప్పుకునేదాన్ని. పదిహేడు రెళ్లు ముప్ఫై నాలుగు, పదిహేడు మూళ్లు యాభై ఒకటి... ఒక్కో మెట్టు ఒక్క ఊపిరిలో తాపీగా వస్తే సరే. పదిహేడు ఆర్లు దగ్గర మాట తెగి ఊపిరి ముందుకొస్తే వేగం తగ్గించేదాన్ని. ఇప్పటికీ వాచ్ మీద అనుమానం వచ్చిన రోజు ఎక్కమే చెప్పుకుంటాను.

ఇంత నెమ్మది ఎందుకంటే, పరుగుకు తిరిగొచ్చినవాళ్ల ఒంట్లో అన్నీ ఒకే వేగంతో కోలుకోవు. శిక్షణ మొదలైన ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది, ఆయాసం తగ్గుతుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడానికి ఇంకొన్ని వారాలు కావాలి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు గట్టిపడటానికి నెలలు పడుతుంది. నా మొదటి ఏడాది సరిగ్గా ఈ సందులోనే పోయింది. నాలుగు వారాలకే ఊపిరి 'ఇంకా వేగంగా వెళ్లు' అనేది, పిక్క, మడమ ఇంకా సిద్ధంగా లేవు. ఒకప్పుడు బాగా పరిగెత్తినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువని నా నమ్మకం. పాత వేగం మనసుకు గుర్తుంటుంది, దాన్ని మోసే టెండన్లను మాత్రం మళ్లీ మొదటి నుంచి తయారుచేసుకోవాలి.

స్టీఫెన్ సీలర్ అనే వ్యాయామ శాస్త్రవేత్త మేటి ఓర్పు క్రీడాకారుల శిక్షణను పరిశీలించి, వాళ్ల సెషన్లలో సుమారు 80 శాతం తేలికైనవి, 20 శాతం కష్టమైనవి అని చూపించారు. ఈ 80, 20 లెక్క ఇప్పుడు రన్నర్లందరి నోటా ఉంది. అయితే ఆయన చూసింది వారానికి పదికి పైగా సెషన్లు చేసేవాళ్లను. నాకున్న మూడింటిలో ఒకటి హార్డ్ అంటే 33 శాతం అవుతుంది. నిమిషాలు లెక్కేస్తే 160లో నిజంగా కష్టపడేది 8 నుంచి 15, అంటే 5 నుంచి 10 శాతం మధ్య. ఈ శాతాల కోసం తల పట్టుకోవాల్సిన పని లేదు. ఆదివారం పరుగు సోమవారం ఆఫీసును పాడుచేయకూడదు, మంగళవారం పరుగు గురువారం కాళ్లను పాడుచేయకూడదు. నేను చూసుకునే కొలత అదే.

మొదటి 8 వారాలు హార్డ్ సెషన్ ఊసే లేదు, మూడు రోజులూ ఈజీ. తొమ్మిదో వారం నుంచి ఒక గురువారం 3 నిమిషాల చొప్పున 5 సార్లు వేగంగా, మధ్యలో 2 నిమిషాలు మెల్లగా. మరో గురువారం ఎత్తు మీదికి 1 నిమిషం చొప్పున 8 సార్లు, దిగేటప్పుడు నడక. ఈ రెండే తిప్పి తిప్పి చేశాను. ఈ సెషన్లు మొదలైన నెలలో 3 నిమిషాలకు 480 మీటర్లు వచ్చేవి. అప్పుడు తెలుసుకున్నది ఒకటుంది. మొదటి విడత ఎప్పుడూ చాలా తేలిగ్గా అనిపిస్తుంది, ఆ మాట నమ్మితే నాలుగో విడతలో కూలబడతాం. మూడో విడత రెండో నిమిషం దాటాక అసలు పరీక్ష. భుజాలు చెవుల దాకా లేస్తాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి, అడుగు శరీరం కింద కాకుండా ముందుకు చాచి పడుతుంది. ఆ క్షణంలో బలవంతంగా వేగం పెంచను. వేళ్లు వదులు చేసి, దవడ వదులు చేసి, అడుగులు చిన్నవి చేస్తాను. ఐదో విడత దూరం మొదటిదాంతో సమానంగా వస్తే ఆ రోజు సెషన్ కుదిరినట్టు.

తొమ్మిదో నెల నుంచి పదకొండో నెల దాకా మాత్రం ఎదుగూ బొదుగూ లేదు. 3 నిమిషాలకు 540 మీటర్లు, మళ్లీ 540. 5 కిలోమీటర్లు 29:20, రెండు నెలల తర్వాత 29:15. ఇంకో హార్డ్ సెషన్ చేర్చాలనిపించింది, చేర్చలేదు. ఆ సమయంలోనే చిన్నవాడికి జ్వరం వచ్చి, నాకూ అంటుకుని, 9 రోజులు బూట్లు ముట్టుకోలేదు. పూర్తిగా తగ్గి, ఓ వారం ఈజీగా పరిగెత్తాక వచ్చిన గురువారం 555 మీటర్లు వచ్చాయి. వాచ్ తప్పేమోనని ట్రాక్ మీద గీతలతో సరిచూశాను, నిజమే.

అప్పుడు రోజర్ బ్యానిస్టర్ సంగతి గుర్తొచ్చింది. 1954 మే 6న మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తి, 4 నిమిషాల హద్దు దాటిన మొదటి మనిషి ఆయన. అప్పుడాయన వైద్య విద్యార్థి, శిక్షణకు దొరికేది మధ్యాహ్న భోజన విరామం. పావు మైలు చొప్పున 10 సార్లు, మధ్యలో 2 నిమిషాల విశ్రాంతి, ఇదీ ఆయన ముఖ్యమైన సెషన్. ఆ వసంతంలో పావు మైలు 61 సెకన్ల దగ్గర ఆగిపోయింది, ఎంత ప్రయత్నించినా కదల్లేదు. పరుగు ఆపేసి కొన్ని రోజులు స్కాట్లాండ్‌లో కొండలెక్కి వచ్చారు, తిరిగొచ్చాక 59కి దిగింది. ఆయన స్థాయి వేరు, నాది వేరు. కానీ శరీరం కోలుకునేటప్పుడే బాగుపడుతుందన్నది ఇద్దరికీ ఒకటే. అప్పటి నుంచి ప్రతి నాలుగో వారం పరుగులు మూడింటినీ సగానికి కుదిస్తున్నాను, హార్డ్ సెషన్ ఉండదు. ఇప్పుడు 3 నిమిషాలకు 580 మీటర్లు వస్తున్నాయి.

పెట్టిన ప్రతి నిమిషానికీ ఎక్కువ ఫలితం ఇచ్చింది స్ట్రైడ్స్. మంగళవారం ఈజీ రన్ అయ్యాక 20 సెకన్ల పాటు వేగం పెంచుతూ వెళ్లి, మెల్లగా దించి, ఊపిరి పూర్తిగా కుదుటపడేదాకా నడవడం. ఇలా 6 సార్లు. ప్రాణం పెట్టి పరిగెత్తడం కాదిది, వేగంగానూ వదులుగానూ పరిగెత్తడం. ఆయాసం రాకముందే అయిపోతుంది కాబట్టి మర్నాడు అలసట ఉండదు. వేగంగా అడుగు వేయడం 13 ఏళ్లలో నా కాళ్లు మరిచిపోయాయి, స్ట్రైడ్స్ గుర్తుచేశాయి. వారానికి ఒక్కరోజే కుదిరేవాళ్లు ఎవరైనా అడిగితే, ఈజీ రన్ చివర ఇవి పెట్టుకోమనే చెబుతాను.

వాచ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, నన్ను రెండు నెలలు తప్పుదారి పట్టించింది కాబట్టి. మణికట్టు దగ్గర వెలుతురుతో హార్ట్ రేట్ కొలిచే వాచ్‌లు కొన్నిసార్లు చేతి కదలిక లయను గుండె లయగా పొరబడతాయి. ఎక్కం హాయిగా చెప్పుకుంటూ వెళ్తుంటే వాచ్‌లో 168. భయపడి నడిచేదాన్ని. ఒకరోజు అడుగుల అంకె చూస్తే అదీ నిమిషానికి 168. అప్పుడు అర్థమైంది. ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ కొన్నాక ఆ బాధ తీరింది. ఇంకో చిక్కు గరిష్ఠ హార్ట్ రేట్. 220 లోంచి వయసు తీసేయమనే పాత సూత్రం 40 ఏళ్లకు 180 ఇస్తుంది. 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేయమనే కొత్త సూత్రమూ 40 ఏళ్లకు సరిగ్గా 180 ఇస్తుంది. రెండూ కలిశాయని నమ్మేశాను. ఈజీ రన్‌కు నేను పెట్టుకున్న హద్దు గరిష్ఠంలో 75 శాతం. 180లో అది 135, ఆ అంకె దగ్గర ఉండాలంటే నడవాల్సిందే. మూడో నెలలో ఎత్తు మీది సెషన్ చివరి విడతలో స్ట్రాప్ 192 చూపించింది. సూత్రాలు చెప్పేది సగటు మాత్రమే, మనిషికీ మనిషికీ 10 స్పందనలు అటూ ఇటూ ఉండటం మామూలే. 192 లెక్కన నా ఈజీ హద్దు 144 అయింది, పదిహేడో ఎక్కానికి అది సరిగ్గా సరిపోయింది.

నెలకోసారి అదే దారిలో, హార్ట్ రేట్ 144 దాటకుండా 30 నిమిషాలు పరిగెత్తి దూరం రాసుకుంటాను. మూడో నెలలో 3.7 కిలోమీటర్లు, కిందటి నెల 4.5. ఎండ ఎక్కువైన నెలల్లో ఈ దూరం తగ్గుతుంది. చల్లబరచడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకోవాల్సి వస్తుంది. కాబట్టి చల్లని నెలను చల్లని నెలతోనే పోల్చాలి. వాచ్ ఇచ్చే మిగతా స్కోర్లు చూడటం మానేశాను. బూట్ల విషయంలోనూ కొత్తగా చెప్పేది లేదు, పాదానికి హాయిగా ఉన్నవి చాలు.

పిక్క సంగతి. పరుగు మానేయమన్న వైద్యులొకరు, మానొద్దన్న ఫిజియోథెరపిస్టు ఒకరు. రెండో మాట విన్నాను. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమను మెల్లగా కిందికి దించడం. మోకాలు నిటారుగా 15 చొప్పున 3 విడతలు, మోకాలు కొంచెం వంచి మరో 3 విడతలు, రోజుకు రెండుసార్లు, 12 వారాలు. మడమ టెండన్ నొప్పికి ఈ పద్ధతిని 1998లో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే స్వీడన్ వైద్యుడు ప్రచురించారు. నాది పిక్క అయినా బాగా పనిచేసింది. మోకాలు వంచి చేసేది వదిలేయకండి, పిక్క లోపలి సోలియస్ కండరానికి పని చెప్పేది అదే. ఇప్పుడు వారానికి మూడు రోజులు, పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద చేస్తున్నాను. 16 నెలల్లో పిక్క ఒక్కసారీ పట్టేయలేదు.

ఈ పద్ధతికి 5కి 4 ఇస్తాను. ఒకటి తగ్గించడానికి కారణం గురువారం. పని ఒత్తిడి పెరిగినా, పిల్లలకు ఒంట్లో బాగాలేకపోయినా మొదట పోయేది హార్డ్ సెషనే, దాన్ని మర్నాటికి జరిపితే ఆదివారం దెబ్బతింటుంది. రాత్రి 5 గంటలే నిద్రపోయి మొండిగా చేసిన రెండు గురువారాలూ ఆ వారమంతా తినేశాయి. ఇప్పుడు 6 గంటల నిద్ర లేకపోతే గురువారాన్ని ఈజీ చేసేస్తాను, పోయినదాన్ని పూడ్చుకోను. 5, 10 కిలోమీటర్లకు ఈ మూడు రోజులు సరిపోతాయి, మారథాన్‌కు సరిపోవు. పరుగులో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు ముందు వైద్యుణ్ని కలవాలి, ఎక్కం ఆ తర్వాత.

22 నిమిషాలు ఇంకా చాలా దూరం. వచ్చే నెల నుంచి శనివారం 25 నిమిషాలు, ఈజీగా, నాలుగో పరుగు కలపబోతున్నాను. మొదటి 6 వారాలు ఆ రోజు వాచ్ ఇంట్లోనే పెట్టి వెళ్తాను.