డప్పు, హార్మోనియం, మేడ మీద గది: నాలుగు ట్రాకుల క్యాసెట్టా, ల్యాప్‌టాపా?

బతుకమ్మ పండుగకు ముందు మా మేడ మీది గదిలో రికార్డు చేసిన పాట ఒకటి తెలిసినవాళ్లకు పంపాను. పాట గురించి ఒకరిద్దరే మాట్లాడారు. మిగతావాళ్లంతా ఫొటోలో పాటగాళ్ల మధ్యనున్న డబ్బా గురించే అడిగారు. "అన్నా, అది టేప్‌రికార్డరేనా? అందుల్నే మిక్సింగ్ గూడ అయితదా? నేను గూడ అసొంటిదే కొనాల్నా, ల్యాప్‌టాప్‌తోనే కానియ్యాల్నా?" నకిరేకల్ నుంచి ఒకరు, దేవరకొండ నుంచి ఇద్దరు, అచ్చంపేట నుంచి ఇంకొకరు ఇదే అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ఆ డబ్బా నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్. గొంతు, డప్పు లాంటివాటిని ఒకే టేపు మీద నాలుగు వేరువేరు దారుల్లో (అవే ట్రాకులు) ఎక్కించి, తర్వాత వాటి హెచ్చుతగ్గులు సర్ది ఒక్క పాటగా కలపడానికి (అదే మిక్సింగ్) పనికొస్తుంది.

ముందే ఒక మాట. నాది నల్లగొండ. నా దగ్గరికి వచ్చే సరుకు గొంతు, కోరస్, డప్పు, హార్మోనియం, తాళాలు, గజ్జెలు. కీబోర్డు మీద బీట్లు కట్టేవాళ్లకు, సినిమా పాటలు పాడి పెట్టేవాళ్లకు నా లెక్క సరిపోదు. వాళ్లకు ల్యాప్‌టాపే, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

సౌండ్ క్వాలిటీ సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను, అక్కడ పోటీ లేదు కాబట్టి. క్యాసెట్‌లో టేపు వెడల్పే 3.81 మిల్లీమీటర్లు. దాంట్లో నాలుగు ట్రాకులు సర్దాలంటే ఒక్కో దానికి మిల్లీమీటరు కూడా రాదు. 1963లో ఫిలిప్స్ కంపెనీ ఈ క్యాసెట్ తెచ్చినప్పుడు దాని మీద పాటలు మిక్స్ చేస్తారని ఎవరూ అనుకోలేదు. 1979లో టాస్కామ్ వాళ్లు పోర్టాస్టూడియో 144 అని ఒక మెషీన్ తెచ్చి, రెండు వైపులా పంచుకునే ట్రాకులను నాలుగింటినీ ఒకే దిక్కుకు తిప్పారు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగాన్ని రెట్టింపు చేశారు. అందుకే 60 నిమిషాల క్యాసెట్‌లో మనకు దొరికేది 15 నిమిషాలే. ఇలాంటి మెషీన్ మీద నేను రికార్డు చేసిన క్యాసెట్‌ను మా నాన్న ఒకసారి తన పాత టూ-ఇన్-వన్‌లో వేసుకున్నాడు. ఒక వైపు గొంతులు సగం స్పీడులో మూలుగుతున్నాయి, తిప్పి వేస్తే ఇంకో వైపు అంతా వెనక్కి నడుస్తోంది. "ఇదేం పాటరా, దయ్యం పట్టినట్టున్నది" అని తీసి పక్కన పెట్టాడు.

టేపులో సుయ్‌మనే శబ్దం ఉంటుంది, దాన్ని తగ్గించడానికి మెషీన్‌లోనే ఉండే డీబీఎక్స్ వేసినా కొంత ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో అది లేదు. పైగా కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, నా టేపు మాత్రం పల్లవి మధ్యలో ఆగిపోతుంది. ట్రాకులు ల్యాప్‌టాప్‌లో ఎన్నంటే అన్ని. క్యాసెట్‌లో నాలుగే, కావాలంటే బౌన్స్ చేసుకోవాలి. మూడు ట్రాకులను కలిపి నాలుగో దాంట్లోకి ఎక్కించి, ఆ మూడింటినీ మళ్లీ ఖాళీ చేసుకోవడమన్నమాట. ఇలా చేస్తూ పోతే లెక్కకు ఏడు భాగాలు పడతాయి. ఎక్కించేటప్పుడే పక్కన ఇంకొకరు పాడుతూ కలిస్తే పది దాకా పోవచ్చు. కానీ ప్రతి బౌన్స్‌కీ కొంత మసక ఎక్కుతుంది. నేను ఒక్క బౌన్స్ దాటను.

ఇక డప్పు దగ్గరికి వద్దాం.

డప్పు కొట్టే ముందు మంట మీద కాగబెడతారని తెలిసిందే. ఆ వేడిలో చర్మం బిగిసి కణకణమంటుంది. వానాకాలమైతే కాసేపటికే దిగిపోతుంది, మళ్లీ కాగాలి. మా మేడ మీద వరిగడ్డి మంట పెట్టి, డప్పు కాగగానే గదిలోకి పరుగెత్తుకొచ్చి కొట్టిన రోజులున్నాయి. అంత వేడిగా వచ్చిన దెబ్బను ల్యాప్‌టాప్‌లో లెవెల్ చూసుకోకుండా రికార్డు చేస్తే, గీత దాటిన ప్రతి దెబ్బా పగిలిపోతుంది, దాన్ని మళ్లీ అతికించలేం. టేపు అలా కాదు. లెవెల్ దాటినా మెల్లగా నొక్కుకుపోతుంది, దెబ్బ కొంచెం మెత్తబడి, బొద్దుగా వస్తుంది. నాకు ఆ బొద్దుతనమే ఇష్టం. న్యాయంగా చెప్పాలంటే, 24 బిట్ సెట్టింగ్‌లో రికార్డు చేస్తూ లెవెల్‌ను బాగా కిందికి పెట్టుకుంటే ల్యాప్‌టాప్‌లోనూ దెబ్బ పగలదు. జాగ్రత్త ఉన్నవాడికి ఇది సమస్యే కాదు.

టేపులో డప్పుతో వచ్చే చిక్కు వేరే ఉంది. డీబీఎక్స్ రికార్డు చేసేటప్పుడు శబ్దాన్ని నొక్కి, వినిపించేటప్పుడు మళ్లీ విప్పుతుంది. ట్రాకులో డప్పు ఒక్కటే ఉంటే, ఒక్కో దెబ్బ వెనక ఆ సుయ్ లేచి పడుతూ, ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది. అదే ట్రాకులో గజ్జెలు కూడా ఎక్కించేస్తే ఆ ఊపిరి వాటి కింద దాగిపోతుంది. ఇంకొకటి, పక్కపక్క ట్రాకుల్లోకి శబ్దం కొంచెం కారుతుంది. అందుకే నాకు డప్పు ఎప్పుడూ ఒకటో ట్రాకు, గొంతు నాలుగోది.

ఇవన్నీ సర్దుకుపోయే సంగతులే. నాకు తేడా తెలిసింది మిక్సింగ్ దగ్గర.

రెండేళ్ల కింద హాలియా వైపు నుంచి ఒక బృందం వచ్చింది. ముందు గొంతు ఒక పెద్దమ్మ, కోరస్‌కు ఇద్దరు, డప్పుకు ఒక అన్న, హార్మోనియానికి ఒకాయన. అప్పుడు నా దగ్గర ల్యాప్‌టాప్, మైకులను దానికి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఉండేవి. రికార్డింగ్ బాగానే అయింది. మిక్సింగ్‌కు నేను తెర ముందు కూర్చున్నాను, వాళ్లు నా వెనక కూర్చున్నారు. నేను మౌస్‌తో గీతలు లాగుతుంటే, కోసి అతికిస్తుంటే, ఎక్కడెక్కడి ముక్కో పదిసార్లు వినిపిస్తుంటే, వాళ్లకు తమ పాట ఏదో అర్థం కాలేదు. హార్మోనియం ఆయన గోడకు ఆనుకుని నిద్రపోయాడు. పెద్దమ్మ "నువ్వే జూసుకో బిడ్డా, మాకు బస్సున్నది" అని లేచింది. పల్లెవెలుగు ఎక్కి వెళ్లిపోయారు. నేను తీరిగ్గా మిక్స్ చేసి వాట్సాప్‌లో పంపాను. డప్పు అన్న ఫోన్ చేసి, "అంతా మంచిగున్నది గని, నా దెబ్బ ఏడ వోయింది?" అన్నాడు. మళ్లీ చేశాను. ఈసారి పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "ఫైనల్ 7" అనే పేరుతో ఒక ఫైల్ ఇప్పటికీ ఉంది, అది కూడా ఫైనల్ కాలేదు.

ఇంకో తప్పు కూడా చేశాను, ఒప్పుకోవాలి. తాళం తప్పకుండా టక్‌టక్‌మని కొట్టే క్లిక్ పెట్టమని ల్యాప్‌టాప్ ఎవరినీ బలవంతం చేయదు. కానీ తెర మీద నిలువు గీతలు, వాటికి కాస్త అటూ ఇటూ డప్పు దెబ్బలు కనిపిస్తుంటే నా చెయ్యి ఊరుకోలేదు. అన్నింటినీ గీతల మీదికి జరిపాను. చరణం చివర వాళ్లు కావాలనే ఉరికే చోట పాట కాళ్లకు తాడు కట్టినట్టయింది.

ఆ తర్వాత అమెరికా నుంచి మా బావ ఒక పాత టాస్కామ్ 424 తెచ్చాడు, మీరు ఫొటోలో చూసిన డబ్బా అదే. (మొదటి రోజే మా తమ్ముడు దాని 120 వోల్టుల అడాప్టర్‌ను నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టి కాల్చేశాడు. అక్కడి నుంచి తెప్పించుకునేవాళ్లు ముందు అడాప్టర్ మీది అక్షరాలు చదువుకోండి.) అదే బృందం మళ్లీ వచ్చింది. ఈసారి మెషీన్‌ను చాప మధ్యలో పెట్టాను. నాలుగు ట్రాకులు, వాటి శబ్దం పెంచి తగ్గించడానికి పైకీ కిందికీ జరిపే నాలుగు ఫేడర్లు. ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కోదాని కింద తెల్ల స్టిక్కర్ అంటించి పేరు రాశాను. క్యాసెట్ నడిపి వినిపించాను. రెండోసారి వినిపిస్తుండగా డప్పు అన్న చెయ్యి దానంతటదే వచ్చింది. చరణం అయిపోయే దగ్గర బొటనవేలితో తన ఫేడర్ పైకి తోసి, పల్లవి అందుకోగానే కిందికి దించాడు. "ఆడ లేపాలె, ఈడ ఊకోవాలె" అన్నాడు. హార్మోనియం ఆయన నిద్రపోలేదు. పెద్దమ్మ తన గొంతును నేను పెట్టినదానికంటే బాగా తగ్గించింది. అంత తగ్గిస్తే మాటలు వినపడవని నేనన్నాను. "ఎన్క పిల్లలు అందుకున్నంక నా గొంతు వాండ్లల్ల కలిశిపోవాలె, నేనొక్కదాన్నే వినొస్తే అది బతుకమ్మ పాటెట్లయితది" అంది. నాకు ఇప్పటికీ ఆ గొంతు తక్కువే అనిపిస్తుంది. వాళ్లకు మాత్రం సరిగ్గా ఉంది, పాట వాళ్లది.

నాలుగు నిమిషాల పాట, ఐదారు సార్లు నడిపాం. మెషీన్ నుంచి వచ్చే రెండు వైర్లను ల్యాప్‌టాప్‌కు కలిపి, అందరి చేతులూ ఫేడర్ల మీద ఉండగా నడిచిన చివరిసారిని పట్టుకున్నాం. అదే మిక్స్. మళ్లీ తెరిచి సవరించడానికి వీల్లేదు, సవరించాలంటే అయిదుగురూ మళ్లీ కూర్చోవాలి. బస్సెక్కే లోపు పాట వాళ్ల ఫోన్లలో ఉంది. తర్వాత ఎవరూ ఫోన్ చేయలేదు.

నలుగురైదుగురు కలిసి పాడే పాటకు క్యాసెట్ మేలని నేననేది ఇందుకే. మౌస్ ఒకరి చేతిలోనే ఉంటుంది, ఫేడర్లు నాలుగు చేతులకు అందుతాయి. ఫేడర్లున్న కంట్రోలర్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టుకోవచ్చు కదా అని మీరనొచ్చు. పెట్టుకోవచ్చు, నేనూ ప్రయత్నించాను. కానీ పక్కన తెర వెలుగుతూ ఉన్నంతసేపు అందరి కళ్లూ అటే పోతాయి.

ఈ సుఖానికి కట్టే ఖరీదు మాత్రం తక్కువ కాదు. ఎండాకాలంలో ఒక పాటకు గొంతు, డప్పు ఎక్కించి, హార్మోనియం రెండు వారాల తర్వాత వేద్దామని పక్కన పెట్టాను. ఈలోపు మెషీన్‌లో బెల్టు సాగింది. టేపు నెమ్మదిగా తిరిగితే శ్రుతి దిగుతుంది. గొంతు ఒక దగ్గర, హార్మోనియం ఇంకో దగ్గర. వీణో, తంబురానో అయితే తీగ సవరించుకోవచ్చు, హార్మోనియం రీడ్లను ఏం చేస్తాం? మెషీన్ మీద టేపు వేగాన్ని మార్చే పిచ్ కంట్రోల్ నాబ్ ఉంటుంది, దాన్ని తిప్పి టేపునే హార్మోనియం దగ్గరికి తెచ్చాను. ఆ పాటకు గండం గడిచింది గాని బెల్టు మార్చక తప్పలేదు. గడియారం సెంటర్ చుట్టుపక్కల ఒకప్పుడు టేప్‌రికార్డర్లు బాగుచేసినవాళ్లంతా ఇప్పుడు సెల్‌ఫోన్లు చేస్తున్నారు. పాత బెల్టు చుట్టుకొలత దారంతో కొలిచి, అది సాగి ఉంటుంది కాబట్టి అంతకంటే కాస్త చిన్నది ఆన్‌లైన్‌లో తెప్పించుకుని నేనే వేసుకున్నాను. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రానివాళ్లు, నెలకోసారి హెడ్లు (టేపును తాకే భాగాలు) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడానికి బద్ధకించేవాళ్లు దీని జోలికి రావద్దు.

క్యాసెట్లదీ అదే కథ. ఈ మెషీన్లకు సరైనది క్రోమ్ టేపు, అది ఇప్పుడు దాదాపు పాత స్టాకే. ఇంట్లో పడున్న భక్తి పాటల క్యాసెట్లకు, రికార్డు కానివ్వని పైచిల్లుల మీద స్టిక్కర్ అంటించి వాడదామనుకోకండి, టేపు నాసిగా ఉంటుంది. 120 నిమిషాలవైతే మరీ పలచన, చుట్టుకుని తెగుతాయి. 60వి తీసుకోండి.

ఫోన్‌లో మల్టీట్రాక్ యాప్‌ల గురించి అడిగినవాళ్లున్నారు. రాగం మర్చిపోకుండా పట్టుకోవడానికి బాగుంటాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మాత్రం తీసి పక్కన పెట్టండి, మీ గొంతు మీకే ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతారు. మెమరీ కార్డు మీద రికార్డు చేసే చిన్న డిజిటల్ మల్టీట్రాక్‌లూ ఉన్నాయి. సుయ్ లేదు, బెల్టు లేదు, కొన్ని పెన్సిల్ సెల్స్ మీద నడుస్తాయి. ఫేడర్లున్నది చూసి కొంటే నేను చెప్పిన పని చాలావరకు వాటితోనూ అవుతుంది. టేపు తలనొప్పి వద్దనేవాళ్లకు మంచివే.

దేవరకొండ తమ్ముళ్లలో ఒకడు ఒంటరిగా కూర్చుని పాడుకుంటాడు, అన్నీ తనే వాయిస్తాడు. అతనికి ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ చాలు. వాడిన క్యాసెట్ మెషీన్ ఒక్కోసారి కొత్త ఇంటర్‌ఫేస్ కంటే ఎక్కువ ధర పలుకుతోంది, ఆ డబ్బుతో మంచి మైకు వస్తుంది. అచ్చంపేట అన్నకు భజన బృందం ఉంది, వారం వారం ఇంట్లోనే కూర్చుంటారు. ఆయన్ను కొనమన్నాను.

టేపు మీద రికార్డు చేసి, మిక్సింగ్ ల్యాప్‌టాప్‌లో చేసుకుంటామనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. నాలుగు ట్రాకులనూ ఒకేసారి ల్యాప్‌టాప్‌లోకి పంపాలి, అంటే నాలుగు ఇన్‌పుట్లు కావాలి. ముందు రెండు, తర్వాత రెండు అని పంపితే కలవవు. టేపు రెండుసార్లు ఒకే వేగంతో తిరగదు, పాట చివరికొచ్చేసరికి డప్పు ఒక దారి, గొంతు ఒక దారి.

వాడిన మెషీన్ కొనేటప్పుడు హార్మోనియం వెంట తీసుకెళ్లండి. మొయ్యలేకపోతే ఫోన్‌లో తంబురా యాప్ అయినా చాలు. క్యాసెట్ మొదట్లో ఒక నిమిషం సా రికార్డు చేయండి, చివరికి ఉరికించి అక్కడ ఇంకో నిమిషం చేయండి. ఒక ఐదు నిమిషాలు టేపు నడవనిచ్చి, వెనక్కి తిప్పి, అదే సా మీద వేలుంచి రెండు చోట్లా వినండి. కొంచెం దిగినట్టుంటే పిచ్ నాబ్‌తోనో, కొత్త బెల్టుతోనో సరిపోవచ్చు, బేరం ఆడండి. సా వణుకుతుంటే మాత్రం, ఎంత తక్కువకు ఇస్తామన్నా అక్కడే వదిలేసి రండి.