పెద్ద పార్కు మేలా, కాలనీ పార్కు మేలా?

హైదరాబాదులో ఇల్లు వెతుక్కుంటున్నవారూ, ఉద్యోగ విరమణ చేసి పిల్లల దగ్గరకు వచ్చి స్థిరపడుతున్నవారూ తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పేరున్న పెద్ద పార్కుకు చేరువలో ఇల్లు చూసుకోవాలా, చిన్నదైనా సొంత పార్కు ఉన్న కాలనీని ఎంచుకోవాలా? ధరలు, అద్దెల సంగతి పక్కన పెట్టి, పార్కు వల్ల మనిషికి రోజూ కలిగే మేలు ఎంత అన్న కోణంలోనే ఈ రెండింటినీ బేరీజు వేస్తున్నాను.

పెద్ద పార్కు అనగానే చాలామందికి గుర్తొచ్చేది బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ నడుమ ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం. 1998లో జాతీయ వనంగా ప్రకటించిన ఈ అడవి సుమారు 390 ఎకరాల్లో ఉంది. బండరాళ్లు, ముళ్లపొదలు, నెమళ్లతో నిండిన ఆ నేలను చూస్తే, కాంక్రీటు కమ్ముకోకముందు ఈ ప్రాంతం ఎలా ఉండేదో తెలుస్తుంది. 2016లో ఫ్లైఓవర్ల కోసం దాని చుట్టూ ఉన్న చెట్లను కొట్టేస్తారన్న వార్త రాగానే నగరవాసులు రోడ్డెక్కి అడ్డుపడ్డారు. నడక దారితో నిమిత్తం లేకుండా, ఊరి మధ్య అడవి మిగిలి ఉండడానికే విలువ కట్టేవారు ఈ నగరంలో ఉన్నారనడానికి అది చాలు. అయితే అది జాతీయ వనం కనుక టిక్కెట్టు ఉంటుంది, సందర్శకులను ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే అనుమతిస్తారు, పిల్లలు బంతాట ఆడుకోవడానికి వీలుండదు.

దోమలగూడలో 76 ఎకరాల ఇందిరా పార్కుది మధ్యస్థమైన స్థితి. పెద్ద చెట్ల నీడ ఉంది, చుట్టుపక్కల గాంధీనగర్, కవాడిగూడ వంటి బస్తీలవారు నడిచి రాగలిగేంత దగ్గరగానూ ఉంది. ఆ పరిసరాల్లో ఇల్లు దొరికితే ఈ ప్రశ్నతోనే పని లేదు. లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ చుట్టాలు వచ్చినప్పుడు వెళ్లే విహార స్థలాలు కనుక ఈ పోలికలో వాటిని తీసుకోలేదు.

ఇక కాలనీ పార్కు. చాలాచోట్ల అది ఎకరం కూడా ఉండదు. చుట్టూ టైల్స్ పరిచిన నడక దారి, నాలుగు సిమెంటు బెంచీలు, ఓపెన్ జిమ్, కొన్ని కానుగ, వేప చెట్లు ఉంటాయి. మరుగుదొడ్డి సాధారణంగా ఉండదు, మధుమేహం ఉన్న పెద్దలకు ఇది నిజమైన ఇబ్బంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2017లో వెలువరించిన సూచన ప్రకారం, ప్రతి నగరవాసి ఇంటికీ 300 మీటర్లలోపు, అంటే అయిదు నిమిషాల నడకలో, కనీసం అర హెక్టారు నుంచి హెక్టారు వరకు పచ్చని బహిరంగ స్థలం ఉండాలి. అర హెక్టారంటే దాదాపు ఎకరంపావు. మన కాలనీ పార్కుల్లో చాలావాటికి దూరం సరిపోతుంది కానీ విస్తీర్ణం చాలదు. పెద్ద పార్కులకు విస్తీర్ణం ఉన్నా నగరంలో చాలామందికి అవి అందుబాటులో లేవు.

ఈ రెండింటిలో ఏదో ఒకటే దొరికేటప్పుడు నేను దగ్గరలో ఉన్న పార్కుకే ఓటు వేస్తాను. కారు ఉండి, తెల్లవారుజామున తీరిక ఉన్నవారికి పెద్ద పార్కు ఎంత దూరమైనా లెక్క కాదు. పిల్లలను బడికి పంపి, వంట ముగించి, పదింటికి ఊపిరి తీసుకునే గృహిణికి ఆ వేళ జాతీయ వనం గేటు మూసి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మెయిన్ రోడ్డు దాటవలసి వస్తే వారం తిరక్కుండానే నడక మానేస్తుంది. పదేళ్ల పిల్లవాడు పెద్దలెవరూ తోడు లేకుండా వెళ్లి ఆడుకోగలిగేది వీధి చివర ఉన్న పార్కులోనే. అందుకే ప్రతి కాలనీ సంఘాన్నీ కోరేది ఒకటే: మధ్యాహ్నం పూట పార్కుకు తాళం వేయకండి, చీకటి పడ్డాక దీపాలు ఆర్పకండి. ఆ తాళం వల్ల నష్టపోయేది ఆ వేళల్లోనే తీరిక దొరికేవారు.

‘పార్క్ ఫేసింగ్’ అని ప్లాటుకు ఎక్కువ ధర చెల్లించినవారు కూడా, అదే పార్కు మూలన నీళ్ల ట్యాంకో కమ్యూనిటీ హాలో కడతామంటే ఖాళీ స్థలమే కదా అని ఊరుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం విడిచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయించినప్పుడు స్థానికులు కోర్టుకెక్కగా, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. మన దగ్గర కూడా 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా ఆక్రమణకు గురైన పార్కు స్థలాలను విడిపిస్తోంది. అయినా మొదట ఫిర్యాదు చేయవలసింది ఆ కాలనీవాసులే.

పక్షులను చూడడం, చాలాసేపు ఏకాంతంగా నడవడం ముఖ్యమనుకునేవారు అడవి పార్కు పక్కనే ఇల్లు చూసుకోవచ్చు. మిగిలినవారు అడ్వాన్సు ఇచ్చే ముందు లేఅవుట్ ప్లానులో పార్కుగా చూపిన స్థలం నేల మీద అంతే ఉందో లేదో సరిచూసుకుని, పనిరోజున పదకొండింటికి ఒకసారి, రాత్రి ఏడున్నరకు మరొకసారి అక్కడికి వెళ్లి చూడాలి. గేటు తీసి ఉండి, లోపల ఆడవారూ పిల్లలూ కనిపిస్తే ఆ ఇల్లు నిశ్చింతగా తీసుకోవచ్చు.