జాగ్వార్ ఫొటోల కోసం పాంటనాల్: ఉత్తరాన పడవ మేలా, దక్షిణాన జీపు మేలా?

తడోబా అడవిలోనో కబిని అడవిలోనో పులినీ చిరుతనూ కెమెరాలో బంధించిన మన తెలుగు ఫొటోగ్రాఫర్లలో చాలామందికి ఆ తరువాతి కోరిక జాగ్వార్. చూపుకు చిరుతలాగే ఉన్నా, మన చిరుతకు రెండింతల దాకా బరువు తూగగల జంతువు ఇది. ఒంటిమీది మచ్చల వలయాల లోపల మళ్లీ చిన్న చుక్కలుండటం దీని గుర్తు. అమెజాన్ అడవిలో దీన్ని చూడటం ఈనాటికీ అరుదైన అదృష్టమే. కొన్ని రోజుల ప్రయాణంలో తప్పక కనిపిస్తుందన్న నమ్మకంతో వెళ్లగలిగే చోటు మాత్రం బ్రెజిల్, బొలీవియా, పరాగ్వే దేశాల్లో లక్షా 50 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న పాంటనాల్ చిత్తడినేల. దీని అధిక భాగం బ్రెజిల్‌లోనే ఉంది, ఫొటో ప్రయాణాలు కూడా అక్కడికే సాగుతాయి. అయితే వెళ్లదలచినవారు మొదట తేల్చుకోవలసింది, ఉత్తరాన మాతో గ్రోసో రాష్ట్రంలోని పోర్తో జోఫ్రేకు వెళ్లి నది మీద పడవలో తిరగాలా, దక్షిణాన మాతో గ్రోసో దో సుల్ రాష్ట్రంలోని మిరాండా ప్రాంతపు పశుక్షేత్రాల్లో జీపులో తిరగాలా అన్నది. నేను ఉత్తరానికి రెండుసార్లు, దక్షిణానికి ఒకసారి వెళ్లాను. నా అభిప్రాయం మొదట్లోనే చెబుతాను: మొదటిసారి వెళ్లేవారికి ఉత్తరమే మేలు. కాని ఏ దిక్కుకు వెళ్లినా, పడవలోనైనా జీపులోనైనా మీతోపాటు ఎంతమంది కూర్చుంటారన్నదే తక్కిన అన్నింటికంటే ఎక్కువగా మీ ఫొటోల తీరును నిర్ణయిస్తుంది.

ముందుగా ఉత్తరం సంగతి. కుయబా నగరం నుంచి పొకొనే దాకా తారురోడ్డు మీద వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి ట్రాన్స్‌పాంటనెయిరా అనే మట్టిరోడ్డు మీద సుమారు 145 కిలోమీటర్లు ప్రయాణిస్తే, వందకు పైగా వంతెనలు దాటాక, రోడ్డు నది ఒడ్డున ఆగిపోతుంది. ఆ చోటే పోర్తో జోఫ్రే. అక్కడి నుంచి కుయబా నది, దానిలో కలిసే త్రెస్ ఇర్మావుంస్, పికిరి నదులు, వాటి మధ్య అల్లుకున్న వాగులు, ఇవన్నీ కలిసిందే ఫొటోగ్రాఫర్ల తిరుగాట మైదానం. 2004లో ఏర్పడిన, లక్ష హెక్టార్లు దాటిన ఎన్‌కోంత్రో దాస్ ఆగువాస్ రాష్ట్ర ఉద్యానం ఈ నీళ్ల మధ్యనే ఉంది. ఆ పేరుకు నీళ్లు కలిసే చోటు అని అర్థం.

జాగ్వార్ ఇక్కడ ఇంత తరచుగా కనిపించడానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. ఒకప్పుడు చర్మం కోసం దీన్ని వేలాదిగా చంపారు. 1967లో బ్రెజిల్ వన్యప్రాణుల వాణిజ్య వేటను నిషేధించింది, 1975 నుంచి అంతర్జాతీయ వ్యాపారానికీ అడ్డుకట్ట పడింది, ఆ తరువాత ఈ నదీతీరాల్లో వాటి సంఖ్య క్రమంగా కోలుకుంది. ఇక ఋతువు సంగతి. డిసెంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా నేలంతా నీటమునిగి ఉంటుంది. జూన్ తరువాత నీరు దిగుతున్న కొద్దీ ఒడ్డులు బయటపడతాయి, కాపిబారాలు అనే పెద్ద ఎలుక జాతి జంతువులు గడ్డి కోసం, కైమన్ జాతి మొసళ్లు ఎండ కోసం ఆ ఒడ్డులకే చేరతాయి, వాటి వెంట జాగ్వార్ వస్తుంది. మొసలిని మెడ వెనుక, కపాలం దగ్గర కొరికి చంపి, తనంత బరువున్న ఆ కళేబరాన్ని నిటారైన ఒడ్డు మీదికి ఈడ్చుకుపోయే దృశ్యాన్ని పడవలోంచి చూడగలగడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. పడవల మోటారు చప్పుడుకు, కొన్ని తరాలుగా హాని ఎరుగని ఈ జంతువులు అలవాటు పడ్డాయి. కాబట్టి మనిషిని చూసి పొదల్లోకి పారిపోకుండా తమ పని తాము చేసుకుంటాయి.

ఫొటోగ్రాఫరుకు ఇక్కడ దొరికే అసలైన లాభం దృష్టికోణం. పడవలో కూర్చున్న మన కన్ను నీటిమట్టానికి కాస్త పైన ఉంటుంది, ఒడ్డున నడిచే జాగ్వార్ కళ్లు దాదాపు అదే ఎత్తులో ఉంటాయి. తడోబాలో జిప్సీ వాహనం మీది నుంచి కిందికి చూస్తూ తీసిన పులి ఫొటోలకు, ఇక్కడ తీసిన ఫొటోలకు ఉండే తేడా ఈ ఒక్క విషయంలోనే తెలిసిపోతుంది. పైగా నది మెలికలు తిరుగుతుంది గనుక, పొద్దున ఒక ఒడ్డు మీద, సాయంత్రం మరో ఒడ్డు మీద చక్కటి వెలుతురు పడుతూ ఉంటుంది. మన అభయారణ్యాల్లోలాగా మూడున్నర గంటల సఫారీ, గేటు మూసే వేళ అన్న తొందర ఉండదు. తెల్లవారగానే బయలుదేరి, మధ్యాహ్న భోజనం పడవలోనే చేసి, సూర్యాస్తమయం దాకా నది మీదే ఉండవచ్చు. ఎక్కడో ఒక చెట్టు కింద పడుకున్న జంతువు లేచేదాకా రెండు గంటలు ఎదురుచూడటం అక్కడ మామూలు విషయం. ఆ ఓపికకు ఫలితం తప్పక దక్కుతుందని నేను అనను. కాని దక్కినప్పుడు అది మరెక్కడా రానిది.

లోపం కూడా అంత పెద్దదే. గైడులందరూ రేడియోల ద్వారా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, ఒక పడవకు జాగ్వార్ కనబడిన కొద్ది నిమిషాల్లోనే మరో పది, రద్దీ నెలల్లో ఇరవైకి పైగా పడవలు వచ్చి చేరతాయి. ముందు వచ్చినవారు ఒడ్డుకు దగ్గరగా నిలుస్తారు, వెనుక వచ్చినవారి ఫొటోల్లో ముందువారి తలలూ మోటార్లూ పడతాయి. నా మొదటి ప్రయాణం ఒక సంస్థ నడిపిన బృందయాత్ర. అందులో మా పడవలో ఆరుగురు ఫొటోగ్రాఫర్లం, ముందు ఇద్దరు, మధ్య ఇద్దరు, వెనుక ఇద్దరు. జంతువు కుడివైపు ఉంటే ఎడమవైపు కూర్చున్న ముగ్గురూ ఎదుటివారి భుజాల మీదుగా తీయాలి, ఒకరు లేస్తే పడవ ఊగి అందరి ఫొటోలూ పాడవుతాయి. ఒక ఆడ జాగ్వార్ నీళ్లలోకి దూకి మొసలిని పట్టిన ఆ పది సెకన్లలో నాకు దక్కినవి పక్కాయన టోపీ, నీటి తుంపరలు. రెండోసారి ముగ్గురమే ఒక పడవను తీసుకున్నాం. అదే నది, అదే ఆగస్టు, అదే లెన్సు, అయినా ఫొటోల్లో పోలికే లేదు. అందుకే డబ్బు కట్టే ముందు సంస్థను అడగవలసిన మొదటి ప్రశ్న, బృందంలో ఎంతమంది అన్నది కాదు, ఒక్కో పడవలో ఎంతమంది అన్నది. నలుగురికి మించితే నేను వెళ్లను.

దక్షిణాది తీరు పూర్తిగా వేరు. కాంపో గ్రాండే విమానాశ్రయం నుంచి రోడ్డు మీద కొన్ని గంటల దూరంలో, మిరాండా దగ్గర, కైమన్ అనే పశుక్షేత్రం ఉంది. సుమారు 53 వేల హెక్టార్ల ఆ సొంత భూమిలో పశువుల పెంపకం, అతిథి గృహాలు, వన్యప్రాణి సంరక్షణ కలిసి సాగుతాయి. అపురూపమైన నీలి మకావ్ చిలుకల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన నేయివా గెదెస్ కృషికి కూడా ఆ భూములు ఆధారంగా నిలిచాయి. మాజీ కార్ల పందెగాడు మారియో హాబెర్‌ఫెల్డ్ 2011లో మొదలుపెట్టిన ఒన్సఫారి అనే సంస్థ, దక్షిణాఫ్రికాలో చిరుతలను వాహనాలకు అలవాటు చేసిన పద్ధతిని ఇక్కడి జాగ్వార్లకు అన్వయించింది. అదే బృందం, తల్లిని కోల్పోయిన ఇసా, ఫెరా అనే అక్కచెల్లెళ్లైన రెండు కూనలను పెంచి, వేట నేర్చుకునే ఏర్పాటు చేసి, 2016లో అడవిలోకి వదిలింది. అవి అక్కడ పిల్లలను కూడా కన్నాయి. పశువులను చంపే జంతువుగా జాగ్వార్‌ను ఎన్నో తరాలుగా కాల్చిన ప్రాంతంలో ఇది జరగడం నాకు ఏ ఫొటోకన్నా గొప్ప సంగతిగా తోస్తుంది.

ఫొటోల పరంగా చూస్తే, దక్షిణాన జీపులు కొన్నే ఉంటాయి, కాబట్టి ఒక జాగ్వార్ చుట్టూ మూక చేరదు. గడ్డిమైదానం, తాటి జాతి చెట్లు, చెట్టు కొమ్మ మీద పడుకున్న జంతువు వంటి వైవిధ్యం ఉత్తరాది నదీతీరంలో అంతగా దొరకదు. చీకటి పడ్డాక కూడా సఫారీ ఉంటుంది గనుక నక్కలు, ఓసెలాట్ అనే అడవి పిల్లులు, అదృష్టం ఉంటే చీమలను తినే పెద్ద ఆంట్‌ఈటర్ కూడా కనిపిస్తాయి. నష్టాలు కూడా ఉన్నాయి. జీపు ఎత్తు వల్ల దృష్టికోణం పైనుంచి పడుతుంది. పరిశోధన కోసం కొన్నిటికి మెడలో రేడియో పట్టీ కట్టి ఉంటుంది, అది ఫొటోలో కనిపిస్తుంది. నీటిలో ఈత, మొసలి వేట వంటి దృశ్యాలకు అక్కడ అవకాశం తక్కువ. బస ఖర్చు ఉత్తరాదికంటే బాగా ఎక్కువ. కుటుంబంతో వెళ్లేవారికి, రోజంతా ఎండలో పడవలో కూర్చోలేనివారికి, ఫొటోతోపాటు సంరక్షణ ఎలా జరుగుతుందో దగ్గరగా చూడదలచినవారికి మాత్రం దక్షిణమే తగిన చోటని చెప్పడానికి నాకు సందేహం లేదు.

ఉత్తరానికే వెళ్లాలని నిర్ణయించుకున్నవారికి ఇంకో ఎంపిక ఎదురవుతుంది: పేరున్న ఫొటోగ్రాఫర్ నడిపే బృందంతో వెళ్లాలా, స్థానిక గైడునూ పడవనూ సొంతంగా మాట్లాడుకోవాలా? బృందయాత్రలో రాకపోకలు, భోజనం, బస అన్నీ వారే చూస్తారు, సాయంత్రాలు మీ ఫొటోలు చూసి తప్పులు చెబుతారు. కొత్తగా పెద్ద లెన్సు పట్టినవారికి ఆ శిక్షణ నిజంగా పనికొస్తుంది. కాని జాగ్వార్‌ను వెతికేది ఆ ఫొటోగ్రాఫర్ కాదు. పడవ నడిపేవాడు, స్థానిక గైడు, వీరిద్దరి కళ్లే వెతుకుతాయి. ఇసుక మీది అడుగుజాడలు, కాపిబారా చేసే హెచ్చరిక అరుపు, ఒడ్డు మీద ఉన్నట్టుండి మాయమైన మొసళ్లు, ఇవన్నీ వారికి అక్షరాల్లా కనిపిస్తాయి. మోటారు ఆపి, ప్రవాహంలో పడవ కొట్టుకుపోకుండా నీటి మొక్కల గుబురును పట్టుకుని నిలిపి, వెలుతురు వైపు ముక్కు తిప్పగలిగే పడవవాడు దొరికితే సగం పని అయినట్టే. నలుగురు స్నేహితులు కలిసి సొంతంగా పడవ తీసుకుంటే ఒక్కొక్కరికీ అయ్యే ఖర్చు బృందయాత్రకన్నా తగ్గుతుంది, ఎక్కడ ఎంతసేపు ఆగాలన్నది మీ చేతిలో ఉంటుంది. నా ఎంపిక ఇదే. అయితే గైడుతో మాట్లాడే భాష విషయం ముందే తేల్చుకోవాలి, అక్కడ పోర్చుగీసు తప్ప వేరే భాష రానివారు ఎక్కువ.

రోజుల విషయంలో పొదుపు చేయకండి. వెళ్లే రోజు, వచ్చే రోజు కాక, నది మీద కనీసం నాలుగు పూర్తి రోజులు ఉండాలి. రెండు రోజుల్లో జాగ్వార్ కనబడవచ్చు, కాని మంచి వెలుతురులో, అడ్డం లేకుండా, ఏదో పని చేస్తూ కనబడటానికి రెండు రోజులు చాలవు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కనబడే అవకాశం అన్నింటికంటే ఎక్కువ. సెప్టెంబరులో వేడి 40 డిగ్రీలకు చేరువవుతుంది. జూలైలో ఎండ తక్కువ, పడవలు తక్కువ, అప్పుడప్పుడు దక్షిణం నుంచి చల్లగాలి వచ్చి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పది డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది కాబట్టి ఉన్ని చొక్కా వెంట ఉంచుకోవాలి.

లెన్సు గురించి అందరూ అడుగుతారు. పడవలో ట్రైపాడ్‌కు చోటుండదు. 100–400 లేదా 200–600 మిల్లీమీటర్ల జూమ్ చేతిలో ఉంటే చాలు, తరచుగా జంతువు 20, 30 మీటర్ల దూరంలోనే ఉంటుంది గనుక జూమ్ చేయడం కుదరని 600 ప్రైమ్ లెన్సు మాత్రమే తెచ్చినవారు సగం దృశ్యాలు ఫ్రేములో పట్టక వదులుకుంటారు. ఊగే పడవలో షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకుండా చూసుకుంటే చాలా ఫొటోలు దక్కుతాయి. జీపులో అయితే అంచు మీద ఇసుక సంచీ వాడవచ్చు.

ఈ ప్రాంతానికి పర్యాటకులు తెచ్చే డబ్బుకు విలువ ఉంది. పోర్తో జోఫ్రే ప్రాంతంలో జాగ్వార్ పర్యాటకం వల్ల ఏడాదికి సుమారు 68 లక్షల డాలర్ల ఆదాయం వస్తోందని, అదే జాగ్వార్లు పశువులను తింటే కలగగల నష్టం లక్షా 21 వేల డాలర్లు మాత్రమేనని 2017లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పశుక్షేత్ర యజమానులు తుపాకి పక్కనపెట్టడానికి ఇలాంటి ఆదాయం ఒక కారణం కాగలదు. 2020 మంటల్లో పాంటనాల్‌లో నాలుగో వంతుకు పైగా కాలిపోయినప్పుడు, కాళ్లు కాలిన ఒక మగ జాగ్వార్‌ను చికిత్స చేసి మళ్లీ ఇదే తీరాన వదిలారు. ఔసాదో అనే ఆ జంతువును ఆ తరువాతి సంవత్సరాల్లో ఎందరో ఫొటో తీశారు. 2024 ఆగస్టులో కైమన్ భూముల్లోనూ మంటలు విస్తారంగా వ్యాపించాయి. కాబట్టి ఏ ఏడాది వెళుతున్నా, ఆ ఏడాది మంటల పరిస్థితిని బుకింగుకు ముందూ ప్రయాణానికి ముందూ తెలుసుకోవడం అవసరం.

ఎవరితో వెళ్లాలో తేల్చుకునేటప్పుడు నేను చూసే చివరి సంగతి ఒకటుంది. వేటకు పొంచి ఉన్న జాగ్వార్‌కూ దాని ఎరకూ మధ్యకు పడవను తీసుకెళ్లమని కస్టమరు ఒత్తిడి చేస్తే ఆ గైడు ఏం చేస్తాడు? తీసుకెళ్లను అని నవ్వుతూ, గట్టిగా చెప్పిన గైడుతోనే నేను రెండోసారి వెళ్లాను. ఎర వేసి రప్పిస్తామని ఎవరైనా అంటే ఆ మాటతోనే బేరం ఆపేయాలి. మనిషిని చూస్తే ఆహారం గుర్తొచ్చే జాగ్వార్ ఆ తీరాన ఉండేవారికి ప్రమాదం, దానికీ ప్రమాదమే.

హైదరాబాదు నుంచి వెళ్లేవారు దుబాయ్ లేదా దోహా మీదుగా సావో పాలో చేరి, అక్కడి నుంచి కుయబాకో కాంపో గ్రాండేకో దేశీయ విమానం ఎక్కడం సులువైన దారి. పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగి వచ్చినవారిని మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. బయలుదేరడానికి నెల ముందే ఆ పని పూర్తిచేసుకోండి.