బిషప్ మ్యూజియం, హోనలూలు: ఒక పూట చాలదు, ఒక పూటే ఉంటే ఇలా చూడండి

పసిఫిక్ మహాసముద్రంలోని పాలినీషియా దీవుల సంస్కృతిని ఒక్కచోట చూడాలంటే హోనలూలులోని బిషప్ మ్యూజియాన్ని మించినది దొరకడం కష్టం. అయినా హవాయికి వచ్చే మనవాళ్లలో చాలామంది బీచ్, పెర్ల్ హార్బర్, సాయంత్రం లూఆవు విందు అయ్యాక, వాన పడితే వెళ్దాంలే అని దీన్ని చివరికి నెట్టేస్తారు. అలా ఒక గంట మిగుల్చుకుని వెళితే చీకటి గదుల్లో పాత చెక్కబొమ్మలు చూసినట్టే ఉంటుంది. కనీసం నాలుగు గంటలు చేతిలో ఉంచుకోండి.

కమేహమేహా రాజవంశంలో చివరి వారసురాలు బెర్నిస్ పవాహి 1884లో కన్నుమూశారు. ఆమె జ్ఞాపకంగా భర్త చార్లెస్ రీడ్ బిషప్ 1889లో ఈ మ్యూజియం స్థాపించారు. హవాయి అప్పటికి అమెరికాలో భాగం కాదు, స్వతంత్ర రాజ్యం. ఆ రాజ్యానికి సొంత జాతీయ మ్యూజియం ఉండేది. అందులోని వస్తువులు 1891లో ఇక్కడికి చేరాయి. రాజకుటుంబపు సొత్తు, ఒకప్పటి జాతీయ సేకరణ ఒకే కప్పు కింద ఉండడమే దీని ప్రత్యేకత.

వైకీకీ నుంచి 2వ నంబరు బస్సు ఎక్కి, స్కూల్ స్ట్రీట్ మీద కపాలమా అవెన్యూ దగ్గర దిగాలి. సముద్రం వైపు కాస్త నడిచి కుడికి తిరిగితే బెర్నిస్ స్ట్రీట్. బస్సుకు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. డ్రైవరు చిల్లర ఇవ్వడు, సరిపడా నోట్లు గానీ హోలో అనే బస్సు కార్డు గానీ దగ్గరుండాలి. కారులో వెళితే పార్కింగుకు వేరే రుసుము. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటుంది. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ రోజుల్లో సెలవు. పెద్దలకు టికెట్టు 30 డాలర్లు దాటుతుంది. నలుగురున్న కుటుంబానికి ఇది చిన్న ఖర్చేమీ కాదు, అందుకే ఏది ముందు చూడాలో తెలిసి వెళ్లాలి. హవాయి నివాసులకు తగ్గింపు ఉంది, గుర్తింపు కార్డు చూపాలి.

టికెట్టు కొనేటప్పుడే ప్లానెటేరియం ప్రదర్శన వేళలు అడిగి, సీటు తీసుకోండి. దానికి విడిగా కొంత రుసుము ఉంటుంది, సీట్లు తక్కువ. మిగతా పూటంతా ఆ వేళ చుట్టూ అమర్చుకోవాలి.

మొదట హవాయియన్ హాల్. లావా రాతితో కట్టిన ఈ మూడంతస్తుల భవనాన్ని 2006లో మూసి, బాగుచేసి 2009లో తిరిగి తెరిచారు. మధ్యలో ఖాళీ, చుట్టూ బాల్కనీలు, పైనుంచి వేలాడే 55 అడుగుల స్పెర్మ్ తిమింగలం. ఒక పక్క నుంచి చూస్తే అసలు ఎముకలు. రెండో పక్క కాగితపు గుజ్జుతో చేసిన ఒళ్లు. దీన్ని కింద నుంచి కాక రెండో అంతస్తు బాల్కనీలో రెండు వైపులా తిరిగి చూడాలి. లిఫ్టు ఉంది కదా అని పైకి వెళ్లి దిగుతూ రావద్దు. కింది అంతస్తు కై ఆకేయా దేవుళ్లది, పుట్టుక కథలది. రెండోది వావో కానకా, మనుషుల పనీపాటలది. మూడోది వావో లానీ, రాజులదీ చరిత్రదీ. వరస తప్పితే పైనున్న రాజచిహ్నాలకు అర్థం కింద వదిలేసినట్టవుతుంది.

కింది అంతస్తులోని కూ అనే యుద్ధదేవుడి విగ్రహం దగ్గర ఆగండి. సీమపనస మానులో చెక్కిన ఈ తరహా ఆలయ విగ్రహాలు ప్రపంచంలో మూడే మిగిలాయి. మిగతా రెండూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, అమెరికాలో సేలంలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియంలోనూ ఉన్నాయి. 1819లో రాజ్యమే పాత ఆచారాలను రద్దు చేసి, గుడులను కూల్చి, విగ్రహాలను కాల్పించింది. 2010లో ఈ మూడింటినీ కొన్నాళ్లు ఇక్కడే పక్కపక్కన నిలబెట్టారు.

మా దృష్టిలో మ్యూజియం మొత్తానికీ ప్రాణం కాపా, ఈకల పని. కాపా నేసిన బట్ట కాదు. వాఉకే అనే చెట్టు లోపలి బెరడును నానబెట్టి, ముందు గుండ్రటి కొయ్యతో రాతి మీద, మళ్లీ నానాక నాలుగు పలకల కొయ్యతో చెక్కదిమ్మె మీద కొడతారు. రెండో కొయ్య పలకల మీది చెక్కడం బట్టలోకి దిగుతుంది. ఈ నీటిముద్ర హవాయి కాపా ప్రత్యేకత. ఎదురుగా నిలబడితే అది కనిపించదు. అద్దానికి ఓరగా జరిగి, వెలుతురు పక్క నుంచి పడేలా చూడాలి. ఆ పైన వెదురు బద్దల అచ్చులతో రంగు అద్దుతారు, మన పెడన కలంకారీ అచ్చుల తరహాలో. పసుపు రంగుకు వాడేది ఓలెనా, అంటే మన పసుపుకొమ్మే. పాలినీషియన్లు దాన్ని పడవల్లో వెంట తెచ్చుకున్నారు.

ఈకల వస్త్రాలకు ఆధారం ఓలొనా అనే మొక్క నారతో అల్లిన సన్నటి వల. ఈకలను చిన్న చిన్న కట్టలుగా చేసి, వరసలు ఒకదాని మీద ఒకటి పడేలా ఆ వలకు ముడివేస్తారు. ఎరుపు ఇఇవీ పిట్టది, పసుపు మామో, ఓఓ పిట్టలవి. మామో ఒంట్లో పసుపు ఈకలు కొద్దిగానే ఉండేవి, మిగతాదంతా నలుపు. అందుకే కమేహమేహా రాజు పసుపు అంగీకి దాదాపు 4,50,000 ఈకలు, 80,000 పిట్టలు పట్టాయని లెక్క. మామో జాతి ఇప్పుడు లేదు. 1779లో కలానిఓపుఉ రాజు ఆంగ్లేయ నావికుడు కెప్టెన్ కుక్‌కు బహూకరించిన అంగీ, శిరస్త్రాణం కూడా న్యూజీలాండ్ జాతీయ మ్యూజియం నుంచి 2016లో ఇక్కడికి తిరిగొచ్చాయి. 2020లో శాశ్వతంగా అప్పగించారు. వెలుతురు ఈకల రంగును తినేస్తుంది కాబట్టి గదులు మసకగా ఉంటాయి, కొన్నింటికి విశ్రాంతినిస్తారు. ఏది చూడాలని వెళుతున్నారో, అది ఆ రోజు బయట ఉందో లేదో ముందే అడగండి. ఫ్లాష్ వద్దు. పెద్దవాళ్లు చదివే కళ్లజోడు మరవకూడదు.

పసిఫిక్ హాల్ 2013లో కొత్త రూపంతో తెరుచుకుంది. కింద సమోవా, తాహితీ, మార్కేసస్, న్యూజీలాండ్ వంటి దీవుల వస్తువులు. పైన పురావస్తు, భాషా ఆధారాలతో వలసల కథ. హవాయికి మూడంతస్తులిచ్చి, మిగతా మహాసముద్రమంతా రెండంతస్తుల్లో సర్దడం మాకు లోటుగానే అనిపిస్తుంది. సమయం తక్కువైతే పై అంతస్తు వదలకండి, ప్లానెటేరియం కథకు అదే పునాది.

ఆ ప్లానెటేరియం 1961 నాటిది. హోనలూలులో స్థిరపడిన సింధీ వ్యాపార కుటుంబం వాటుమల్ పేరు మీద ఉంది. హవాయి నావికుడు నైనోవా థాంప్సన్ ఇక్కడి గుమ్మటం కింద నక్షత్రాల దారులు నేర్చుకుని, 1980లో హోకూలేఅ అనే జంటపడవను పరికరాలేవీ లేకుండా తాహితీకి నడిపాడు. హోకూలేఅ అంటే మన స్వాతి నక్షత్రం. అది సరిగ్గా నడినెత్తిన దాటితే హవాయి అక్షాంశానికి చేరినట్టు, సిరియస్ నడినెత్తిన దాటితే తాహితీ దగ్గరున్నట్టు. హైదరాబాదులో ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తున కనిపిస్తే హోనలూలులో 21. దక్షిణానికి సాగేకొద్దీ అది దిగుతూ భూమధ్యరేఖ దగ్గర మాయమవుతుంది. పిల్లలకు ఈ ఒక్క ముక్క ముందే చెప్పి తీసుకెళితే ప్రదర్శన ఎంతో బాగా అందుతుంది.

సైన్స్ అడ్వెంచర్ సెంటర్ పిల్లలున్నవాళ్లకే. పెద్దలు దాన్ని వదిలేసి ఆ సమయం కాపా దగ్గర గడపవచ్చు.

హవాయి వంటకాల్లో పంది మాంసం ఎక్కువ. లౌలౌ అనే వంటకం పైకి ఆకుకూర పొట్లంలా కనిపించినా లోపల ఉండేది మాంసమే. శాకాహారులకు నిశ్చింతగా పనికొచ్చేది పోయీ: చేమదుంపలు ఉడికించి, నూరి, నీళ్లు కలిపిన ముద్ద. ఒకటి రెండు రోజులు పులిసినదైతే పుల్లగా ఉంటుంది, తాజాది అడిగి తీసుకోండి. మ్యూజియంలోనే తినాలనుకుంటే పన్నెండుకు ముందే తినేసి, మధ్యాహ్నపు ప్లానెటేరియం ప్రదర్శనకు పది నిమిషాల ముందు తలుపు దగ్గరుండండి.