పడవ అడుగున జింకు దిమ్మ: పోసుకోవాలా, కొనాలా?

ఉప్పునీటిలో కంచు ప్రొపెల్లరుకు తగులుతూ ఉన్న ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. ఆ నష్టాన్ని జింకు దిమ్మ తన మీద వేసుకుంటుంది.

ఖర్చు: పాత జింకు కరిగించి పోసుకుంటే తక్కువ, కొంటే ఎక్కువ.

ప్రమాదం: జింకు 419 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కనుక బొగ్గుల కుంపటి చాలు, కానీ అచ్చులో తడి ఉంటే కరిగిన లోహం మొహాన చిమ్ముతుంది. కొన్నదానికి ఆ బెడద లేదు.

నాణ్యత: అసలు తేడా ఇక్కడే. ఇనుప మూకుడులో కరిగిస్తే ఇనుము కొంత జింకులో కలుస్తుంది, అది 0.005 శాతం దాటితే దిమ్మపై పొర కట్టి, చూడటానికి చెక్కుచెదరకుండానే పని మానేస్తుంది. నెలలు గడిచినా దిమ్మ అరగలేదంటే సంతోషించకండి.

తరచూ ఒడ్డుకు లాగే చిన్న పడవకు పోసుకున్నది సరిపోతుంది; నెలల తరబడి నీటిలోనే ఉండేదానికి కొన్నదే మేలు. గోదావరి మంచినీటిలో తిరిగే పడవకైతే జింకు కన్నా మెగ్నీషియం తగినది.