పాత రెయిడ్ కార్డులు కొనేవాళ్లూ జాగ్రత్త: ఉబుంటు డెమో చూసి డబ్బులివ్వొద్దు

సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు సెకండ్ హ్యాండ్ సర్వర్ సామాన్లు కొనేవాళ్లకు ఒక మాట. డెల్ పెర్క్ హెచ్200, హెచ్310, హెచ్700, ఎల్ఎస్ఐ 9211-8ఐ లాంటి, సర్వర్‌కు డిస్కుల్ని కలిపే కార్డుల్ని "లినక్స్‌లో పక్కాగా నడుస్తది" అని అంటగట్టేవాళ్లున్నారు. షాపులో ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టి డిస్కులు చూపిస్తారు. ఇంటికి తెచ్చి రాకీ లినక్స్ (రెడ్ హ్యాట్ లినక్స్‌కు ఉచిత ప్రతిరూపం) 8 గానీ 9 గానీ ఎక్కించబోతే ఇన్‌స్టాలర్‌లో ఒక్క డిస్కూ ఉండదు. వాపస్ తీసుకెళ్తే "కార్డు మంచిగనే ఉంది కదన్నా" అంటారు. చిక్కల్లా అదే, కార్డు నిజంగానే బాగుంటుంది.

రెడ్ హ్యాట్ 8వ వెర్షన్‌లో (2019) ఈ కార్డుల్ని నడిపే ఎంపీటీ3ఎస్ఏఎస్, మెగారెయిడ్ ఎస్ఏఎస్ డ్రైవర్లను ఉంచి, పాత కార్డుల పీసీఐ ఐడీలకు (కార్డును గుర్తించే నంబర్లకు) మాత్రం సపోర్ట్ తీసేశారు. రాకీ కూడా అదే దారి. అసలు లినక్స్ కెర్నెల్‌లో ఆ సపోర్ట్ ఉండబట్టే ఉబుంటు డెమో పాసవుతుంది. రాకీలో మోడ్‌ప్రోబ్ (డ్రైవర్‌ను లోడ్ చేసే కమాండ్) కొడితే డ్రైవర్ గప్‌చుప్‌గా లోడవుతుంది, కార్డును మాత్రం పట్టించుకోదు.

"ఐటీ మోడ్‌కి ఫ్లాష్ చేసిచ్చినం" (అంటే రెయిడ్ లేకుండా డిస్కుల్ని నేరుగా చూపే ఫర్మ్‌వేర్ ఎక్కించామని) అన్నా నమ్మకండి. ఫ్లాష్ చేస్తే హెచ్310 ఐడీ 1000:0073 కాస్తా 1000:0072 అవుతుంది, తీసేసిన జాబితాలో రెండూ ఉన్నాయి. హెచ్700ది 0079. పెర్క్ 6/ఐది 0060, దాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. 2 టీబీ దాటిన డిస్కుల్ని పూర్తిగా చూడదు.

మీరు వాడబోయే ఓఎస్ ఇన్‌స్టాలర్‌నే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ట్రబుల్‌షూటింగ్‌లో రెస్క్యూకి వెళ్లి, 3 నొక్కితే షెల్ వస్తుంది. ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే (lspci -nnk) కమాండ్ కొట్టి కార్డు వరస కింద చూడండి. "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" లేదా, కార్డు కౌంటర్ మీదే వదిలేసి రండి. ఒట్టి "కెర్నెల్ మాడ్యూల్స్" వరస ఉన్నంత మాత్రాన లెక్కలోకి రాదు.

ఇప్పటికే కొనేసినవాళ్లకు తేలిక దారి రాకీ లాంటిదే అయిన ఆల్మాలినక్స్ 9.4 లేదా ఆపైది. వాళ్లు ఈ ఐడీల్ని మళ్లీ చేర్చారు. రాకీయే కావాలంటే ఈఎల్‌రెపో (రెడ్ హ్యాట్ తరహా లినక్స్‌లకు అదనపు డ్రైవర్లిచ్చే బృందం) డ్రైవర్ డిస్క్‌ను ఐఎన్ఎస్‌టీ.డీడీ (inst.dd) బూట్ ఆప్షన్‌తో ఎక్కించాలి, అదీ మీ మైనర్ వెర్షన్‌కు సరిపోయేదే. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కోడ్‌నే బూట్‌లో రానిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఈఎల్‌రెపో వాళ్ల కీ కూడా చేర్చాలి. తలనొప్పి అక్కడితో ఆగదు: 9.3 నుంచి 9.4 లాంటి అప్‌డేట్‌లో ఆ మాడ్యూల్ కొత్త కెర్నెల్‌కు పొసగకపోతే, రీబూట్ కాగానే డిస్కు దొరక్క బూట్ మధ్యలోనే ఆగి, డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్‌లో పడతారు. బూట్ మెనూలోని పాత కెర్నెల్ ఎంట్రీని చెరపకండి.

ఎస్ఏఎస్3008 చిప్ ఉన్న ఎల్ఎస్ఐ 9300-8ఐ కార్డుకి రాకీ 8, 9లలో ఈ బెడద లేదు. కాకపోతే పాత ఎస్ఎఫ్ఎఫ్-8087 కేబుళ్లు దానికి పట్టవు. ఎస్ఎఫ్ఎఫ్-8643వి కొనాలి, బేరంలోనే కలిపి అడగండి.