ఆర్‌బీఐ లోన్ యాప్‌ల లిస్టు: పనికొస్తుంది, కానీ సగం వరకే

లోన్ యాప్ అసలుదా కాదా చూసుకోడానికి ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఒక లిస్టు ఉందండి, 2025 జులై 1 నుంచి పెట్టారు, చాలామందికి దీని సంగతే తెలీదు అందుకే ఈ రివ్యూ రాస్తున్నా. సిటిజన్స్ కార్నర్‌లోకి వెళ్తే డిజిటల్ లెండింగ్ యాప్స్ అని ఉంటుంది. ఏ బ్యాంకుకి, ఏ ఫైనాన్స్ కంపెనీకి ఏ యాప్ ఉంది, దాని లింకేంటి, కంప్లైంట్ ఉంటే ఎవరికి చెప్పాలి, అన్నీ అందులోనే. లాగిన్ గొడవ లేదు.

ఇలాంటిది ఎంత అవసరమో 2020 గుర్తున్న హైదరాబాద్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ డిసెంబర్లో ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద పోలీసులు రైడ్ చేశారు, అప్పటికే అప్పు వసూలుకని ఆ యాప్‌ల వాళ్ళు కాంటాక్ట్స్‌లో ఉన్నోళ్ళందరికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీస్తుంటే తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. అందుకే ఏ యాప్ అయినా వేసుకునే ముందు పేరు ఇందులో వెతకండి, లేకపోతే దాని జోలికే పోవద్దు.

ఇక మైనస్‌లు. ఇంగ్లీషు పేజీ, ఫోన్లో చూస్తే పెద్ద టేబుల్. అందులోని వివరాలు కంపెనీలు ఇచ్చినవి ఇచ్చినట్టు పెట్టినవే, ఆర్‌బీఐ చెక్ చేసి గ్యారంటీ ఇచ్చినట్టు కాదు. అసలు సమస్య ఇంకోటుంది, కంపెనీ ఉందో లేదో ఈ లిస్టు చెప్తుంది గానీ మీకు ఫోన్ చేసినోడు ఆ కంపెనీ మనిషేనా అన్నది చెప్పలేదు.

మా వీధిలో టైలరింగ్ చేసే అక్కకి 2 లక్షల లోన్ శాంక్షన్ అయిందని వాట్సాప్‌లో లెటర్ వచ్చింది. పైన కంపెనీ లోగో, కింద ఆర్‌బీఐ ముద్ర, గుండ్రటి స్టాంపు, అక్క పేరు మాత్రం వేరే అక్షరాల్లో అతికించినట్టుంది. ముందు 3,500 ప్రాసెసింగ్ ఫీజు కట్టాలంట, లోన్‌తో పాటు తిరిగొచ్చేస్తుందంట. లిస్టులో వెతికితే కంపెనీ పేరు ఉంది! "చూడు తమ్ముడూ, ఉంది కదా, కట్టేస్తా" అంది. ఆగక్కా అని వాళ్ళు పంపిన క్యూఆర్ స్కాన్ చేస్తే కంపెనీ పేరు రాలేదు, ఎవరో మనిషి పేరొచ్చింది. లిస్టులో ఉన్న లింకు పట్టుకుని కంపెనీ సైట్‌కి వెళ్ళి అక్కడున్న నంబర్‌కి చేస్తే, అసలు అక్క పేరు మీద అప్లికేషనే లేదన్నారు. ఆ లెటర్ పంపినోడికి లోన్ వద్దని చెప్తే క్యాన్సిలేషన్ చార్జీలు కట్టకపోతే కేసు పెడతామని బెదిరించాడు, పాపం అక్క ఆ రాత్రంతా నిద్రపోలేదు.

కాబట్టి లిస్టులో పేరు చూసి అక్కడితో ఆగొద్దు, లెటర్‌లో ఉన్న నంబర్ కాకుండా లిస్టులో దొరికిన నంబర్‌కి మీరే చెయ్యండి. పర్సనల్ లోన్‌కి ఫీజు ఉంటే మామూలుగా లోన్ డబ్బుల్లోంచే పట్టుకుంటారు, యూపీఐలో ముందే పంపమన్నారంటే ఫోన్ పెట్టెయ్యడమే. వడ్డీ, ఫీజులు అన్నీ రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ సంతకానికి ముందే ఇవ్వాలి, అడగండి. కాంటాక్ట్స్, కాల్ లిస్టు, గ్యాలరీ పర్మిషన్ అడిగే హక్కు లోన్ యాప్‌కి లేదు. ముద్ర లోన్ (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వ పథకం) ఇప్పిస్తామనే ఏజెంట్లని అస్సలు నమ్మొద్దు, ముద్రకి ఏజెంట్లే లేరు, నేరుగా బ్యాంకుకో ఆ లోన్లిచ్చే ఫైనాన్స్ కంపెనీకో వెళ్ళాలి.

డబ్బులు పోయాయా, సిగ్గుపడి ఇంట్లో దాచి పెట్టకుండా వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి, ఎంత తొందరగా చెప్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే ఛాన్స్ అంత ఎక్కువ.

నా రేటింగ్ 5కి 3.5. తెలుగులో పెట్టి, ఫోన్ నంబర్ కొడితే అది ఆ కంపెనీదో కాదో తేలిపోయేలా చేస్తే మిగతాది కూడా ఇచ్చేస్తా.